‘బాగుంది’ అని రాసిన సోమవారం

తొమ్మిదిన్నర పులివెందుల బస్సు జమ్మలమడుగు బస్టాండులోంచి మెల్లగా వెనక్కి కదిలి రోడ్డెక్కేసరికి మాధవికి కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి, బయటికి చూస్తూ ఆమె అనుకుంది, పులివెందుల చేరేసరికి పదకొండవుతుంది, పదకొండున్నరకు కొత్త ఇంజన్ మొదలుపెడతారు. ఇంజన్ అని ఆఫీసులో అందరూ అంటారు గానీ అదొక ప్రోగ్రాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల నలభై రెండు ఎక్స్‌రే సెంటర్లు పంపే బొమ్మలను అందుకుని, డిస్కు మీద భద్రంగా రాసి, ఎక్కడో కూర్చున్న డాక్టరు తెర మీదికి చేర్చేది. పన్నెండేళ్లుగా ఆ పని చేస్తున్నది మాధవి రాసిన ప్రోగ్రాము. ఇవాళ్టి నుంచి, ఆఫీసులో తాను పని నేర్పిన నాగలత రాసింది చేస్తుంది. నాగలత రాసినదాంట్లో ఒక తప్పు ఉంది. ఆ సంగతి మాధవికి తప్ప ఎవరికీ తెలియదు. సోమవారం నుంచి తెలుసు. ఇవాళ గురువారం.

పెన్న వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఇసుక, ఇసుక మధ్యలో సన్నగా ఒక పాయ, పాయ ఒడ్డున జమ్ము, ఎవరో చీరలు ఆరేశారు, ఎర్రది ఒకటి గాలికి లేచి పడుతున్నది, ఆ రోజు అమ్మ కూడా మిద్దె మీద ఎర్ర చీరే ఆరేసింది, కాదు, అది ఆదివారం, సోమవారం అమ్మ బల్ల దగ్గర చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది, తాను అదే బల్లకు ఇంకో చివర, నాగలత కోడు మూడువేల చిల్లర వరుసలు, ఒక్కొక్క వరుసా చదువుతూ, ఎక్కడ దొరుకుతుందా అని చదువుతూ. అలా చదవడం తనకు కొత్త. పన్నెండేళ్లలో ఎంతమంది కోడు చూసిందో, తప్పు దొరికితే విసుక్కునేది, దొరక్కపోతే హాయిగా ఉండేది. ఆ రోజు మాత్రం వెయ్యి వరుసలు దాటినా ఏమీ దొరక్కపోయేసరికి వెనక్కి పోయి మొదటి వరుస నుంచి మళ్లీ చదివింది. ఎంత శుభ్రంగా రాసింది. ఎక్కడా అదనపు మాట లేదు. పేర్లు ఇలా పెట్టడం దీనికి ఎవరు నేర్పారు, నేనే కదా నేర్పింది, నేర్పినదానికంటే బాగా పెట్టింది. రెండువేలు దాటాక, సెంటర్ నుంచి బొమ్మ వస్తుండగా ఇంటర్నెట్ లైన్ తెగిపోతే ఆ పనిని రద్దు చేసే చోట, కన్ను ఆగింది. మళ్లీ చదివింది. మూడోసారి చదివింది. అప్పుడు తనకు తెలియకుండానే నవ్వు వచ్చింది. అమ్మ వసంతమ్మ తల ఎత్తి, “ఏందమ్మీ, నీలో నువ్వే నవ్వుకుంటాండావు?” అంది. “ఏం లేదులేమా” అంది మాధవి. ఏం లేదా. అంత సంతోషం ఎన్నేళ్లకు వచ్చిందని.

ఆమె రాసిన పాత పద్ధతి తెలిసినవాళ్లకు తెలుసు, యంత్రానికీ ప్రోగ్రాముకూ మధ్య అడుగున ఉండే పొర, కెర్నల్, అది ‘ఫలానా లైన్లో ఏదో వచ్చింది’ అని మాత్రం చెబుతుంది, ప్రోగ్రామే దాని దగ్గరికి పోయి తెచ్చుకోవాలి, వచ్చిన ప్రతిసారీ పోవాలి, రావాలి, డిస్కు మీద రాసేటప్పుడైతే రాయడం అయ్యేదాకా నిలబడి ఉండాలి. కొత్త పద్ధతిలో ప్రోగ్రాము తనకు కావలసిన పనులన్నీ ఒక వరుసలో పెట్టేస్తుంది, కెర్నల్ వాటిని చేసి, అయిపోయినవాటి జవాబులు ఇంకో వరుసలో పెడుతుంది, ఒకరి కోసం ఒకరు నిలబడే పని లేదు. అయితే దానికొక షరతు ఉంది. పని ఇచ్చేటప్పుడు ఇంత జాగా అని కెర్నల్ చేతికి ఒక బఫర్ ఇస్తాం, ఆ పని ముగిసిందన్న జవాబు వచ్చేదాకా ఆ జాగా మనది కాదు. రద్దు చెయ్యమని చెప్పినా సరే, జవాబు వచ్చేదాకా కాదు. నాగలత అన్నిచోట్లా దాన్ని పాటించింది, ఆ ఒక్కచోట తప్ప. అక్కడ రద్దు చెయ్యమని చెప్పి, జవాబు కోసం ఆగకుండా, అదే బఫర్‌ను తర్వాతి బొమ్మకు ఇచ్చేసింది. కెర్నల్ ఆ క్షణంలో పాత బొమ్మ ముక్క అందులో రాస్తూ ఉంటే అంతే, పైన పేరు ఒకరిది, కింది సగం ఊపిరితిత్తి ఇంకొకరిది. ఆఫీసులో ఇది ఎప్పటికీ బయటపడదు, అక్కడి పరీక్షలన్నీ ఒకే గదిలో, తెగని తీగల మీద జరిగాయి. బయట తెగుతుంది. తొండూరులో తెగుతుంది, వీరపునాయునిపల్లెలో తెగుతుంది, బోరు మోటారు వేస్తే తెగుతుంది, గాలి లేస్తే తెగుతుంది. ఆ తెగడాలన్నీ మాధవికి తెలుసు, పన్నెండేళ్లు వాటితోనే కాపురం చేసింది. సోమవారం ఆ వరుస పక్కన మూడు మాటలు రాసింది, ‘జవాబు వచ్చేదాకా ఆగాలి’ అని. రాసి, చూసి, ఒక్కొక్క అక్షరమే చెరిపింది. చెరిపి, పేజీ అడుగున ‘బాగుంది’ అని రాసి ఆమోదం నొక్కింది.

ఆ తప్పు తనకు కనబడడం ఆమెకు ఆశ్చర్యం కలిగించలేదు, ఎందుకంటే సరిగ్గా అక్కడే ఐదేళ్ల కిందట తానూ పడింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కొత్త పద్ధతి వచ్చిన తొలిరోజుల్లో ఆమె చదివింది, చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు, ఎవరికీ చెప్పకుండా ఒక ఫోల్డరు తెరిచి మూడువందల వరుసలు రాసింది, అప్పుడూ రద్దు చేసే చోటే బొమ్మలు కలిసిపోయాయి, ఎందుకు కలుస్తున్నాయో తెలుసుకోవడానికి నెల పట్టింది, తెలిసేసరికి విసుగెత్తింది, దాంతో కెర్నల్లో దొంగలు దూరే కన్నాలేవో పడుతున్నాయని, పెద్ద పెద్ద కంపెనీలే ఆ పద్ధతిని మూసేస్తున్నాయని ఎక్కడో చదివింది, చదివినప్పుడు ఎంత ఊరట. ఇది ఇంకా పచ్చిగా ఉంది సార్, మనకు వద్దు అని కంపెనీ యజమాని సిరాజుద్దీన్ సార్‌తో చెప్పింది. నిజమే చెప్పింది. అప్పటికి నిజమే. మరుసటి ఏడూ అదే చెప్పింది, ఆ తర్వాతి ఏడూ అదే చెప్పింది, ఎప్పుడు అది నిజం కాకుండా పోయిందో, ఎప్పుడు భయంగా మారిందో, తారీఖు పెట్టి చెప్పలేదు. నాగలత వచ్చిన ఆరో నెలలో, “అక్కా, ఇప్పుడు కన్నాలన్నీ పూడ్చినారు, మన సర్వర్ల కెర్నల్ గుడ కొత్తదే, ఒకసారి చేసి చూస్తా” అంటే, చూడు అంది మాధవి, చెయ్యలేదులే అనుకుంటూ.

చేసింది. నాలుగు నెలల్లో చేసింది. ముందు పాత కెర్నల్ ఉన్న చోట పాత దారిలోనే నడిచేట్టు పెట్టింది, తర్వాత డిస్కు రాతలు మాత్రమే మార్చింది, తర్వాతే లైన్లు ముట్టుకుంది, ఒక్కసారిగా అంతా తిరగెయ్యకుండా, అడుగు మీద అడుగు. అదే యంత్రం మీద గంటకు తొమ్మిది వందల బొమ్మలు పోయేవి రెండువేల ఆరువందలు పోయాయి. సిరాజుద్దీన్ సార్ ఆ గీతలున్న కాగితం అచ్చు తీయించి తన టేబుల్ వెనక గోడకు అంటించాడు, పాతది కింద నేలబారుగా, కొత్తది పైకి. ఆయన మంచి మనిషి, ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో మేడ మీద ఒక గది తీసుకుని మాధవిని మొదటి ఉద్యోగిగా పెట్టుకున్నప్పుడు రెండు కుర్చీలే ఉండేవి, ఆయనకొకటి, తనకొకటి, మూడో మనిషి వస్తే ఆయన లేచి నిలబడేవాడు. ‘మాధవి ఇంజన్’ అని పేరు పెట్టింది ఆయనే. కిందటి నెల ఒక పొద్దున చూస్తే ఆఫీసు కంప్యూటర్లో ఆ ఇంజనున్న ఫోల్డరు పేరు ‘పాతది’ అని మారి ఉంది. ఎవరు మార్చారు? అడగలేదు. అడిగితే నాగలత అని తేలుతుందేమోనని కాదు, సార్ అని తేలుతుందేమోనని.

కొలవలపల్లి, శనగ చేలు, నల్లరేగడి మీద పచ్చగా, ఒక చేను మధ్య గొర్రెల మంద, మంద వెనక కర్ర పట్టుకుని ఒక మనిషి. ఎర్రన్న ఇలాగే ఉంటాడా. నాగలత నాన్న. వీరపునాయునిపల్లె దగ్గర ఆయనకు నూటేభై గొర్రెలు, రెండెకరాలు. ఆయనను మాధవి చూడలేదు, గొంతు తెలుసు, రోజూ సాయంత్రం ఐదున్నరకు ఫోన్ చేస్తాడు, ఆఫీసులో అందరికీ వినబడేంత గట్టిగా, “ఈ పొద్దు ఏం చేసినావు పాపా?” అని. నాగలత చెబుతుంది. దాచకుండా, తక్కువ చెయ్యకుండా చెబుతుంది, ఈ పొద్దు డిస్కు మీద రాసే పని ఆగకుండా పోయేట్టు చేసినా నాయనా అని. ఆయన ఊఁ కొడతాడు, మధ్యలో మందను అదిలిస్తాడు, మళ్లీ అడుగుతాడు, “మరి అది రాసేది అయిపోయిండాదని మనకెట్లా తెలుస్తాది?” అని. ఏ తండ్రి అడుగుతాడు ఆ మాట. మాధవి నాన్నకు ఊళ్లో ముప్పై ఎకరాలు, పంచాయితీ చెయ్యడానికి పది ఊళ్లవాళ్లు వచ్చేవాళ్లు, ఆయన ఎవరి మాటైనా ఓపిగ్గా వినేవాడు, కూతురు ఏం పని చేస్తుందో పోయేదాకా అడగలేదు, ‘కంప్యూటర్’ అనేవాడు ఎవరైనా అడిగితే. నాగలత మొదటిసారి ఇంటికి వచ్చి వెళ్లాక అమ్మ, “గొర్రెలోళ్ల పిల్లనా?” అంది. “అయితే ఏందిమా?” అని మాధవి గట్టిగానే కసురుకుంది, కసురుకున్నందుకు తన మీద తనకు ఆ రోజంతా గౌరవంగా ఉండింది. సోమవారం ఆమోదం నొక్కాక, చేతులు కడుక్కుంటూ ఉండగా, అమ్మ అన్న ఆ మాటే తన లోపల తన గొంతుతోనే వినబడింది. అప్పుడు కొళాయి కట్టేసింది. తుడుచుకోవడానికి గుడ్డ ఎక్కడుందో కనబడలేదు.

ఫోన్ మోగింది. నాగలత మెసేజ్. ‘అక్కా యాడ ఉండావు? నువ్వు వచ్చినాకనే మొదలుపెడదామని సార్‌కు చెప్పినా. బటన్ నువ్వే నొక్కాల.’ మాధవి చదివి ఫోన్ బోర్లా తిప్పి సంచి మీద పెట్టింది. నేను నొక్కాలంట. ఇది వెటకారం అయితే ఎంత బాగుండేది, దీన్ని నిండుగా, ఏ అడ్డూ లేకుండా అసహ్యించుకోవచ్చు, కానీ దానికి వెటకారం రాదు, పదేళ్ల కిందట ఇడుపులపాయలో మొదటిసారి చూసినప్పుడూ ఇంతే. అక్కడి ఇంజనీరింగ్ క్యాంపస్‌లో రెండు రోజుల తరగతికి పిలిస్తే పోయింది మాధవి, వందమంది పిల్లలు, అందరూ పల్లెలవాళ్లు, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. తాను తన ఇంజన్ గురించి చెప్పింది, కెర్నల్ ఎలా కబురు చెబుతుందో, ప్రోగ్రాము ఎలా పోయి తెచ్చుకుంటుందో, బోర్డు మీద బాణాలు గీసి చెప్పింది. వెనక వరుసలోంచి పదిహేడేళ్ల పిల్ల ఒకతె లేచి అడిగింది, “వచ్చిండాదని చెప్పేదానికి పోతాంది గదా అక్కా అది, వచ్చేటప్పుడు చేత పట్టుకోనే రావచ్చు గదా? మనమెందుకు మళ్లా పోవాల?” అందరూ నవ్వారు. మాధవి కూడా నవ్వింది, అట్లా కుదరదులే, దాని పద్ధతి అంతే అని, ముందుకు పోయింది. ఐదేళ్ల తర్వాత ఆ కొత్త పద్ధతి గురించి మొదటి పేజీ చదువుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు చెవిలో మోగింది. ఎక్కడో ప్రపంచం చివర ఎవరో మహానుభావులు కూర్చుని కనిపెట్టినదాన్ని, ఆ పిల్ల నేల మీద కూర్చుని అడిగేసింది. నేను నవ్వాను. అసలు ఆ పిల్ల ఆ రోజు అడిగినందుకే కోపమా నాకు, ఇన్నాళ్లూ, ఉద్యోగానికి వచ్చినప్పుడు గుర్తుపట్టీ పట్టనట్టు మీ ఊరేది అని అడిగినందుకు కారణం అదేనా. “నీ తరగతి విన్నాకనే నేను ఈ పని పట్టినా అక్కా” అని చెప్పింది మొదటి రోజే. అవునా, నాకు గుర్తే లేదే, అంది తాను.

ముద్దనూరులో సగం బస్సు దిగింది, సగం ఎక్కింది. పక్కన ఒక పెద్దామె కూర్చుని, కూరగాయల సంచి కాళ్ల మధ్య ఇరికించుకుని, “యాడికమ్మా?” అంది. పులివెందులకు అంది మాధవి. “నేను గుడ ఆడికే” అని ఆమె కళ్లు మూసుకుని నిద్రలోకి జారింది, అంత తేలిగ్గా. బస్సు కదిలాక మాధవి ఫోన్ తీసి మున్వర్‌కు చేసింది. మున్వర్ తొండూరు సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తాడు, లైన్ పోయినప్పుడల్లా మిద్దె ఎక్కి సిగ్నల్ డబ్బా ఎటు తిప్పాలో మాధవే ఫోన్లో చెప్పి చెప్పి నేర్పింది. ఎందుకు చేస్తున్నాను, ఊరికే, ఎలా ఉందో తెలుసుకుందామని.

“ఏం మున్వర్, లైన్ ఎట్లుండాది ఈ పొద్దు?”

“అడగొద్దక్కా, పొద్దున్నుంచి నాలుగుసార్లు పడిపాయ. పక్క చేన్లో మోటారేసినారు.”

నాలుగుసార్లు, అనుకుంది మాధవి, అనుకోగానే సోమవారం నాటి సంతోషమే మళ్లీ, అదే చోట, అదే వేడితో. నాలుగుసార్లు పడితే చాలు. మధ్యాహ్నం లోపే బయటపడుతుంది, డాక్టరు ఫోన్ చేస్తాడు, సార్ గోడ మీది కాగితం వైపు చూస్తాడు, మాధవీ పాతదే మళ్లీ పెట్టు అంటాడు, తాను ఏమీ అనకుండా, ఒక్క మాటా అనకుండా, పెడుతుంది. ఇది ఎన్నిసార్లు ఊహించుకుందో, మూడు రోజులుగా, కూర తరుగుతూ, స్నానం చేస్తూ, ప్రతిసారీ ఆ ఊహలో తాను చాలా హుందాగా ఉంది. నాగలత ముఖం మాత్రం ఎప్పుడూ కనబడలేదు, వీపే కనబడింది. ఫోన్లో మున్వర్ ఇంకా ఏదో చెబుతున్నాడు, ఈ రోజు జనం ఎక్కువ, దగ్గు జ్వరాలు, పద్నాలుగు మంది కూర్చున్నారు, అంటూనే ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాడు కాబోలు, ఎవరితోనో, “ఊపిరి బిగబట్టు పెద్దమ్మా, అట్లనే, అట్లనే ఉండు, కదలాకు” అన్నాడు. యంత్రం టక్కుమంది. “ఇడువు” అన్నాడు. ఒక ముసలి గొంతు దగ్గింది. “కొత్తది ఈ పొద్దే గదా అక్కా? లైన్ పడినా ఏం కాదు గదా?”

మాధవి నోరు తెరిచింది. ఏం కాదు అనే మాట అప్పటికే నాలుక మీద ఉంది, పన్నెండేళ్లుగా ఆమె చెప్పిన మాట అదే, లైన్ పడినా ఏం కాదు, నా ఇంజన్ చూసుకుంటుంది, ఎప్పుడూ అబద్ధం కాలేదు ఆ మాట. ఆ ఒక్క పని కోసమే కదా ఆ పాతది నిదానంగా పోయేది, పోయి, వచ్చి, నిలబడి, ఎవరి బొమ్మ వాళ్లకే ఇచ్చేది. ఆ ముసలామె ఊపిరి బిగబట్టిన ఆ రెండు క్షణాలు ఇంకొకరి పేరు మీద పోతే, కాదు, ఆమె పేరు మీదికి ఇంకెవరిదో జబ్బు వస్తే, లేదా ఉన్న జబ్బు రాకుండా పోతే, అది నాగలత తప్పు కాదు. సోమవారం మధ్యాహ్నం దాకా నాగలత తప్పు. ఆ తర్వాత నాది.

“పదకొండున్నర తర్వాత నేను చెప్పేదాకా ఏదీ పంపొద్దు మున్వర్” అని పెట్టేసి, ఆలోచిస్తే మళ్లీ ఆగిపోతానని, వెంటనే నాగలతకు చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

“అక్కా, వస్తాండావా? అంతా తయారుగా—”

“నాగలతా, ఆపు. మొదలుపెట్టొద్దు. లైన్ తెగితే రద్దు చేసే చోటు చూడు. రద్దు చెయ్యమని చెప్పి, జవాబు రాకముందే బఫర్ వేరేదానికి ఇస్తాండావు.”

అవతల కీబోర్డు చప్పుడు, గబగబా, ఆగి, మళ్లీ. గుక్క తిప్పుకున్నంత చిన్న శబ్దం. తనకు అర్థం కావడానికి నెల పట్టినదాన్ని ఆ పిల్ల పదిహేను క్షణాల్లో అర్థం చేసుకుంది, అది కూడా మాధవికి తెలిసింది, అది కూడా గుచ్చుకుంది.

“అవునక్కా” అంది నాగలత. “అయ్యో, అవును. బొమ్మలు కలిసిపోతాయి. ఎప్పుడు చూసినావక్కా?”

ఇప్పుడే అనొచ్చు. బస్సులో కూర్చుని మళ్లీ తిరగేస్తుంటే ఇప్పుడే కనబడింది అంటే ఎవరు కాదంటారు, ఎంత సహజంగా ఉంటుంది, మెచ్చుకుంటారు కూడా, దారిలో కూడా పనే చూసుకుంటుంది మాధవి అని. కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. పక్కన పెద్దామె తల ఆమె భుజం మీదికి వాలింది.

“సోమవారం.”

“సోమవారం నువ్వు బాగుందని రాసినావు గదా.”

“చూసినాకనే రాసినా.”

ఈసారి కీబోర్డు చప్పుడు లేదు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్నది వినబడింది. దూరంగా సిరాజుద్దీన్ సార్ గొంతు, “ఏమైంది పాపా, ఎవరు?” నాగలత ఫోన్ పెట్టెయ్యలేదు, పక్కకు తిప్పుకుని మాట్లాడింది. “సార్, తప్పుండాది. నేను రాసిందాంట్లోనే. మాధవక్క పట్టుకునింది. ఈ పొద్దు వద్దు, ఆపుదాం.” అంతే అంది. నేను రాసిందాంట్లోనే. ఎంత తేలిగ్గా అంది, నీళ్లు అయిపోయాయి అన్నట్టు, గొంతులో ఒక్క వంకర లేకుండా. సోమవారం మాట ఎత్తలేదు. తర్వాత మళ్లీ ఫోన్లోకి వచ్చి, “దిగినాక రా” అని, పెట్టేసింది.

ఆ తర్వాత తొండూరు వచ్చింది, పోయింది. మున్వర్ సెంటరు రోడ్డు మీదికే, ఆకుపచ్చ బోర్డు, బయట బల్ల మీద జనం, పాతదాని మీదే, ఎవరి బొమ్మ వాళ్లకే పోతుంది ఇంకొన్నాళ్లు. ఇప్పుడైనా తేలిగ్గా ఉంటుందనుకుంది మాధవి. చెప్పేశాక తేలికవుతుందని ఎవరన్నారో. కడుపులో అదే మంట, దాని మీద ఇంకొకటి, ఆ పిల్ల తప్పు నాదే అని చెప్పగలగడం చూసి, అది నాకెందుకు రాదు, అది ఎవరు నేర్పారు దానికి, నేను కాదు, అది మాత్రం నేను కాదు, సాయంత్రం ఐదున్నరకు మందను అదిలిస్తూ అడిగే ఆ మనిషి కాబోలు. ఇవాళ ఐదున్నరకు ఏం చెబుతుంది ఆయనకు? ఈ పొద్దు ఏం చేసినావు పాపా అంటే? మాధవికి ఆ జవాబు వినాలనీ ఉంది, ఆ వేళకు ఎక్కడికైనా పారిపోవాలనీ ఉంది. చీనీ తోటలు మొదలయ్యాయి, వరసలు వరసలుగా, చెట్టుకూ చెట్టుకూ మధ్య సమంగా ఎర్రమట్టి, పక్కన అరటి, లారీలోకి గెలలు ఎత్తుతున్నారు. ఈ తోటల మీద చూపు నిలపాలని చూసింది, నిలవలేదు. ఐదేళ్ల కిందటి ఆ మూడువందల వరుసలు నాగలతకు చూపించి ఉంటే, ఇదిగో, ఇక్కడ నేను పడ్డాను, నువ్వు పడొద్దు అని, ఆ పిల్ల ఉద్యోగంలో చేరిన రోజే చూపించి ఉంటే, ఈ ఇంజన్ ఇద్దరిదీ అయ్యేది. చూపించలేదు, ఓడిపోయినదాన్ని ఎవరికి చూపిస్తారు. ఓడిపోయిందని ఎవరు తేల్చారు, తానే.

పులివెందుల బస్టాండులో పెద్దామెను లేపి, ఆమె సంచి దించి ఇచ్చి, ఎండలో నడుచుకుంటూ పోయింది. మందుల షాపు పైన, ఇనుప మెట్లు ఎక్కితే సర్వర్ల గది, పక్కన చిన్న గది. సిరాజుద్దీన్ సార్ గుమ్మంలోనే ఎదురొచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. “మాధవీ, నువ్వు చూడకపోయింటే మన పరువు బజారున పడిండేది తల్లీ.”

“సోమవారమే చూసినా సార్.”

ఆయనకు మొదట అర్థం కాలేదు. “సోమవారమా? మరి నాకెందుకు చెప్పలా?”

“చెప్పబుద్ధి కాలా.”

ఆయన చేతులు దించాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. రెండు కుర్చీల నాటి మనిషి. ఏమన్నా అంటే బాగుండునని నిలబడింది మాధవి, ఆయన ఫోన్ తీసుకుని, సెంటర్లకు ఇవాళ లేదని చెప్పడానికి మెట్ల మీదికి పోయాడు. ఆయన గొంతు ఒక్కొక్క సెంటరు పేరూ పిలుస్తూ కిందికి దిగుతున్నది.

లోపల నాగలత తెర ముందు కూర్చుని ఉంది. ఏడ్చిందో లేదో తెలియదు, ముఖం కడుక్కుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది. తిరిగి చూడలేదు. మాధవి సంచి గోడకు ఆనించి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక, ఐదేళ్ల కిందట నేనూ ఇక్కడే పడినా, ఆ కోడు నా దగ్గర ఉండాది, నీకు చూపిచ్చిండాల్సింది అని, మధ్యలో ఆగి, మొత్తానికి చెప్పింది. నాగలత విని, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని కాలితో కొంచెం దగ్గరికి జరిపింది.

“కూచో అక్కా. నేను రాస్తాంటే పక్కన కూచోని చూడు. రాసినాక చూసేది ఇంక వద్దు.”

“సరే” అంది మాధవి.

కూర్చుంది. రాసినాక చూసేది వద్దు. పన్నెండేళ్లు అందరి కోడూ ఆమె చేతి మీదుగానే పోయేది, ఇంక ఈ పిల్లది పోదు. అది న్యాయమే, న్యాయమని తెలిసినా నొప్పి తగ్గలేదు. నాగలత రాయడం మొదలుపెట్టింది. ప్రతి బఫర్‌కూ ఒక గుర్తు, కెర్నల్ చేతిలో ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టుకోలేని విధంగా, రద్దు చేసినా, లైన్ తెగినా, చివరి జవాబు వస్తేనే విడుదలయ్యేట్టు. మాధవి మనసులో అనుకుంటూ వచ్చిన మరమ్మతు ఇది కాదు, ఇంతకంటే చిన్నది, అతుకు లాంటిది. ఇది అతుకు కాదు. ఆ వేళ్లు ఆగకుండా పోతున్నాయి, ఇరవై ఏడేళ్ల వేళ్లు, తనవి ఎప్పుడైనా ఇంత వేగంగా పోయాయా, పోయే ఉంటాయి, ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు. లోపల మంట అలాగే ఉంది, తగ్గుతుందన్న ఆశ కూడా ఆ ఘడియలో ఆమె పెట్టుకోలేదు. అప్పుడు ఇంకొన్ని వరుసల కింద, మొత్తం ప్రోగ్రామునే మూసేసే చోట, ఇంకా జవాబులు రావలసి ఉండగానే నాగలత బఫర్లన్నిటినీ ఒక్కసారిగా వదిలెయ్యబోయింది. ఎవరూ చూడరు అక్కడ. సర్వర్ ఆపినప్పుడు మాత్రమే జరిగేది, ఏడాదికి రెండుసార్లు.

మాధవి చెయ్యి ముందుకు పోయి తెర మీద వేలు పెట్టింది.

“ఆగు” అంది.